టీవీ సీనియర్ ఆర్టిస్టుల జీవితకథ రాయాలనుకుంటే ముందు ఆ పాత డైరీలు అడగండి

మీ చుట్టాల్లోనో మీ కాలనీలోనో పాతికముప్పై ఏళ్ళు సీరియల్స్ చేసిన మనిషి ఎవరైనా ఉంటే వాళ్ళ కథ రాసిపెట్టే పని మీరే మొదలెట్టండి, ఇంకెవరో చేస్తారులే అని ఊరుకోకండి. సినిమా వాళ్ళకి పోస్టర్ ఉంటుంది, రిలీజ్ డేట్ ఉంటుంది, పాటల పుస్తకం ఉంటుంది, ఎవరో ఒక అభిమాని దాచుకుంటాడు. టీవీ వాళ్ళకి అలాంటిదేం లేదు, సాయంత్రం ఏడున్నరకి వచ్చి ఎనిమిదికి అయిపోతుంది, రేపు ఇంకో ఎపిసోడ్, నిన్నటిది ఎవరికీ అక్కర్లేదు. ఒక మనిషి మూడువేల రోజులు మేకప్ వేసుకుని కెమెరా ముందు నిలబడితే నెట్‌లో వెతికితే నాలుగు లైన్లు వస్తాయి, అందులో రెండు తప్పు. నేను ఏడెనిమిదేళ్ళుగా మన తెలుగు టీవీ పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఈ పనే చేస్తున్నా, నాకు తెలిసినంత చెప్తాను.

అన్నిటికన్నా ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. సినిమా నటుడి జీవితాన్ని సినిమాల లెక్కలో చూస్తాం, టీవీ నటుడి జీవితాన్ని రోజుల లెక్కలో చూడాలి. వాళ్ళకి డబ్బులిచ్చేది రోజుకి, డేట్స్ అడిగేది రోజుల్లో, అలిసిపోయేది కూడా రోజుల్లోనే. నెలలో ఒక సీరియల్‌కి పది రోజులు ఇంకోదానికి ఎనిమిది రోజులు, మధ్యలో ఒక సినిమాలో చిన్న వేషం, ఇట్లా సాగుతుంది బండి. కాబట్టి "మీరు ఎన్ని సీరియల్స్ చేశారండీ" అని అడిగితే వాళ్ళకే సరిగ్గా తెలీదు, "నలభయ్యో యాభయ్యో చేశాను బాబూ" అంటారు. ఆ నలభైలో ఒకటి ఆరేళ్ళు నడిచి ఉంటుంది, ఇంకోటి పైలెట్ ఎపిసోడ్, అంటే నమూనాకి ఒక్కటి తీసి ఆగిపోయి ఉంటుంది, రెండూ ఒకే లెక్కలో పడితే ఏం అర్థమవుతుంది చెప్పండి.

వాళ్ళింటికి వెళ్ళే ముందు మీరు ఒక పేపర్ మీద తెలుగు టీవీ సంవత్సరాలు వరసగా రాసుకోండి, దీనికి ఒక అరగంట చాలు కానీ తర్వాత చాలా అక్కరకొస్తుంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సైట్ అని ఉపగ్రహం ద్వారా పల్లెలకి టీవీ చూపించిన ప్రయోగం జరిగింది, ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్ళు, అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, దానికోసం హైదరాబాద్‌లోనే తెలుగు ప్రోగ్రాములు తీశారు. ఎవరైనా పెద్దాయన "నేను 76లోనే టీవీలో చేశాను" అంటే, హైదరాబాద్ దూరదర్శన్ మొదలైందే 1977లో కదా అని మీరు సరిదిద్దబోకండి, ఆయన చెప్పేది నిజమే అయ్యుండొచ్చు, నేను ఒకసారి అట్లా తొందరపడి ఒకాయన మొహం చిన్నబుచ్చాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తర్వాత 1982లో కలర్ వచ్చింది, 1984లో ఢిల్లీ నుంచి హిందీలో సీరియల్ కథలు మొదలయ్యాయి, 1995లో జెమినీ, అదే ఏడు ఆగస్టు 27న ఈటీవీ, 2005లో జీ తెలుగు, 2015లో మా టీవీని స్టార్ వాళ్ళు తీసుకోవడం, 2020లో లాక్‌డౌన్‌కి షూటింగులు ఆగిపోవడం. ఈ పేపర్ మీద మీ ఆర్టిస్ట్ పుట్టిన ఏడు పెట్టి చూస్కోండి. 1950లో పుట్టినవాళ్ళకి దూరదర్శన్ వచ్చేసరికి 27, ప్రైవేట్ ఛానెళ్ళు వచ్చేసరికి 45. అంటే ఆయన హీరో వయసంతా నాటకాల్లో, రేడియోలో, ఏదో ఆఫీసులో గడిచిపోయింది, డైలీ సీరియల్ పిలిచేసరికి తండ్రి పాత్రకి సరిపోయాడు. ఈ లెక్క కళ్ళముందు ఉంటే మీరు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

ఛానెల్ పేర్లు కూడా జాగ్రత్త. చాలామంది 1985 నాటి నాటిక గురించి రాస్తూ సప్తగిరిలో వచ్చింది అని రాసేస్తారు, అప్పుడు ఆ పేరు లేదు, అది హైదరాబాద్ దూరదర్శన్, మధ్యలో కొన్నాళ్ళు జనం డీడీ 8 అన్నారు, సప్తగిరి పేరు తర్వాత వచ్చింది, రాష్ట్రం విడిపోయాక 2014లో తెలంగాణకి యాదగిరి వచ్చింది. ఆర్టిస్ట్ ఏ పేరు చెప్తే అది వాళ్ళ మాటల్లో అట్లాగే ఉంచండి, మీ మాటల్లో మాత్రం ఆ ఏటికి ఏ పేరుందో అదే రాయండి.

ఇక వెళ్ళడం సంగతి. షెడ్యూల్ నడిచే రోజుల్లో అస్సలు వెళ్ళకండి. మామూలుగా కాల్ షీట్ పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా అంటారు కానీ మణికొండ అవతల ఎక్కడో అద్దె బంగ్లాలో షూటింగ్ అయితే ఏడింటికే బండి ఎక్కాలి, తిరిగి ఇల్లు చేరేసరికి పది దాటుతుంది, అరవై ఐదేళ్ళ మనిషి ఆ మర్నాడు మీతో ఏం మాట్లాడతారు. షెడ్యూల్ అయిపోయిన రెండో రోజో మూడో రోజో, పొద్దున టిఫిన్ మందులు అయ్యాక, పదిన్నరకి వెళ్ళండి. ఒక సిట్టింగ్ గంటన్నర దాటనివ్వొద్దు. పేరు పెట్టి గారు అనండి, వాళ్ళు అలవాటు చేస్తే అమ్మా అనో బాబాయ్ అనో అనండి, అంతేకానీ పాత్ర పేరుతో పిలవకండి. బజార్లో జనం ఎట్లాగూ పాత్ర పేరుతోనే పిలుస్తారు, విలన్ అత్తగా చేసినావిడని గుళ్ళో తిట్టినవాళ్ళు కూడా ఉన్నారు, మీరు వెళ్ళింది ఆ పాత్ర వెనకాల మనిషి కోసం.

మొదటి ప్రశ్న చాలా ముఖ్యం. "మీకు మొదటి అవకాశం ఎలా వచ్చింది" అని మాత్రం అడగొద్దు. ఎందుకంటే ఆ కథ వాళ్ళు యాభై ఇంటర్వ్యూల్లో చెప్పేశారు, చెప్పీ చెప్పీ అది నున్నగా అయిపోయింది, ఒక పాట పాడినట్టు చెప్పేస్తారు, కొత్తగా ఒక్క ముక్క రాదు. దానికి బదులు "మొదటి రోజు షూటింగ్‌కి ఎందులో వెళ్ళారు, బస్సా ఆటోనా, ఏం కట్టుకున్నారు, మధ్యాహ్నం అన్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నారు" అని అడగండి. ఒకాయన రామంతాపూర్ దూరదర్శన్ స్టేషన్‌కి మొదటిసారి వెళ్ళిన రోజు గురించి ఇట్లా అడిగితే కాసేపు కళ్ళు మూసుకుని, బస్సు దిగి నడుస్తుంటే చెప్పు తెగిందని, ఆ తెగిన చెప్పు చేత్తో పట్టుకుని గేటు దగ్గర సెక్యూరిటీకి కాంట్రాక్ట్ కాగితం చూపించానని చెప్పారు. అక్కణ్ణించి ఆ కాగితం గురించి అడిగాను, ఉందా అన్నాను, లోపలికెళ్ళి బీరువాలోంచి తెచ్చారు. చూశారా, చెప్పు గురించి అడిగితే కాగితం బయటికొచ్చింది.

కాగితాల దగ్గరికి వద్దాం, అసలు పని ఇక్కడే ఉంది. దూరదర్శన్, ఆకాశవాణి రెండూ ప్రభుత్వానివి కాబట్టి చిన్న వేషానికి కూడా కాంట్రాక్ట్ ఇచ్చేవాళ్ళు, ప్రోగ్రాం పేరు, రికార్డింగ్ తేదీ, ఫీజు అందులో ఉంటాయి, ఇంతకన్నా గట్టి ఆధారం ఇంకోటి లేదు. రేడియో నాటకాల ఆర్టిస్టులైతే ఆడిషన్ పాసైన లెటర్ కూడా ఉంటుంది, బీ, బీ హై, ఏ, టాప్ అని గ్రేడ్లు, ఏ ఏట ఏ గ్రేడ్ వచ్చిందో చూస్తే ఆ మనిషి గొంతు ఎట్లా ఎదిగిందో తెలుస్తుంది. ప్రైవేట్ సీరియల్స్‌కి చాలాసార్లు కాగితమే ఉండదు, మేనేజర్ ఫోన్ చేసి డేట్స్ అడగడం వీళ్ళు సరే అనడం అంతే. వాటికోసం బ్యాంక్ పాస్‌బుక్ అడగండి, ఇన్‌కమ్ టాక్స్ కోసం ఇచ్చే 16ఏ ఫారాలు అడగండి. రెమ్యునరేషన్‌లో టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను కట్ చేసి ఆ ఫారం ఇస్తారు, దాంట్లో ప్రొడక్షన్ కంపెనీ పేరు, ఏ మూడు నెలలకో ఆ వివరం ఉంటుంది. సీరియల్ పేరు మర్చిపోయినా కంపెనీ పేరు పట్టుకుని సీరియల్‌ని కనుక్కోవచ్చు. డబ్బు కాగితాలు కాబట్టి వాళ్ళు మొహమాటపడితే ఒత్తిడి చెయ్యకండి, "అమౌంట్ మీద చెయ్యి పెట్టి కంపెనీ పేరు, తేదీ మాత్రం చదవండి చాలు" అనండి, చాలామంది ఒప్పుకుంటారు. షీల్డుల వెనకాల, శాలువా ఫోటోల వెనకాల కూడా తేదీలుంటాయి, పాత ఫోటో వెనక స్టూడియో స్టాంప్ ఉంటుంది, అన్నీ తిప్పి చూడండి.

ఇప్పుడు డైరీలు. నేను చూసినవాటిలో అన్నిటికన్నా గొప్పది ఒక పెద్దావిడ దగ్గర ఉంది, డెబ్బై దాటిన మనిషి, గుంటూరు వైపు నాటకాల నుంచి వచ్చారు. మంచం కింద ఒక రేకు పెట్టె, దాంట్లో పద్దెనిమిది డైరీలు, బ్యాంకులవీ ఎరువుల కంపెనీలవీ, ఎవరో ఒకరు జనవరిలో ఇచ్చినవి. ప్రతి పేజీలో గడులు గీసుకున్నారు, సీరియల్ పేరు, ఏ హౌస్‌లో షూటింగో అది, సీన్ నంబర్లు, తర్వాత చీర, జాకెట్టు, చెవులు, బొట్టు. ఇదేంటమ్మా అని అడిగితే, "ఇవాళ గుమ్మందాకా వచ్చే సీన్ తీస్తారు నాయనా, గుమ్మం లోపలి సీన్ పన్నెండు రోజులయ్యాక తీస్తారు, అప్పటికి నేను ఇంకో సీరియల్‌లో ఇంకో నాలుగు చీరలు మార్చుంటాను, ఏది కట్టానో నాకు గుర్తుండాలి కదా, అసిస్టెంట్ పిల్లలు మారిపోతుంటారు, చీరలు మాత్రం నావే" అన్నారు. మన సీరియల్స్‌లో ఆడ ఆర్టిస్టులు చాలామంది బట్టలు సొంతంగా కొనుక్కునే చేస్తారు, వచ్చిన డబ్బులో ఎంత చీరలకే పోతుందో ఆ డైరీ చివరి పేజీల్లో విడిగా రాసి ఉంది.

ఆ డైరీ నాకు ఎట్లా ఉపయోగపడిందో చెప్తాను, మీరూ అట్లాగే చెయ్యొచ్చు. ఆవిడకి బాగా పేరొచ్చిన ఒక సీన్ ఎప్పుడు తీశారో ఎవరికీ తెలీదు, యూట్యూబ్‌లో ఆ ముక్క ఉంది కానీ ఎవరో తర్వాత అప్‌లోడ్ చేసింది. క్లిప్‌లో ఆవిడ నెమలికంఠం రంగు చీర, ముత్యాల కమ్మలు, వెనకాల గుడి ధ్వజస్తంభం. మేమిద్దరం కూర్చుని ఆ ఏడు అటూ ఇటూ మూడు డైరీలు తిరగేశాం, ఒకచోట "గుడి, సీన్ 14, 15, నెమలికంఠం, ముత్యాలు" అని దొరికింది, తేదీతో సహా. డైలీ సీరియల్ మామూలుగా షూటింగ్ అయిన కొద్ది వారాల్లోపే టెలికాస్ట్ అయిపోతుంది, బ్యాంక్, అంటే ముందే తీసిపెట్టుకున్న ఎపిసోడ్లు తక్కువ ఉంటే మూడోరోజే వచ్చేస్తుంది, కాబట్టి ఆ నెల ఖాయం చేసుకున్నాం. చీర రంగు పట్టుకుని ఒక మనిషి జీవితంలో తేదీ కనుక్కోవచ్చని అప్పటిదాకా నాకూ తెలీదు. మీ ఆర్టిస్ట్ డైరీ రాయకపోతే వాళ్ళ కాస్ట్యూమర్‌నో టచప్ చేసినాయన్నో అడగండి, మేకప్ వాళ్ళకి సంవత్సరాలు భలే గుర్తుంటాయి, ఏ సీరియల్‌లో విగ్ పెట్టారు ఏ సీరియల్ నుంచి సొంత జుట్టు నెరిసింది అన్నీ చెప్తారు.

స్క్రిప్టులు దొరుకుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. సీన్ పేపర్ ఆరోజు పొద్దునే వస్తుంది, చాలా సెట్లలో ప్రాంప్టింగ్, అంటే అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి డైలాగ్ గట్టిగా చదువుతుంటే వీళ్ళు అది పట్టుకుని చెప్తారు, ప్యాకప్ అయ్యాక ఆ పేపర్ ఎవరికీ అక్కర్లేదు. నాటకాల నుంచి వచ్చినవాళ్ళకి ఇది మొదట్లో చాలా కష్టంగా ఉండేదట, నెలరోజులు రిహార్సల్ చేసి పరిషత్తులో, అంటే నాటక పోటీల్లో ఆడినవాళ్ళకి పక్కనుంచి ఎవరో డైలాగ్ అందిస్తుంటే ఎట్లా ఉంటుంది. ఈ మార్పు గురించి తప్పకుండా అడగండి, దూరదర్శన్ తొలిరోజుల్లో స్టూడియోలో రెండుమూడు కెమెరాలు పెట్టి నాటకంలాగే సీన్ సీన్ ఏకబిగిన తీసేవాళ్ళు, డైలాగ్ మొత్తం నోటికి రావాలి, అదయ్యాక ఈ పద్ధతి, రెండూ చేసినవాళ్ళు ఇంక కొద్దిమందే ఉన్నారు.

గొంతు సంగతి కూడా మర్చిపోకండి. స్క్రీన్ మీద మొహం ఒకరిది గొంతు ఇంకొకరిది అవ్వడం మన సీరియల్స్‌లో మామూలే, ముఖ్యంగా కన్నడ నుంచి వచ్చిన ఆర్టిస్టులు ఎక్కువయ్యాక. అందుకని ప్రతి పాత్రకీ "డబ్బింగ్ మీరే చెప్పుకున్నారా" అని అడగండి. ఒక్కోసారి మీ ఆర్టిస్ట్ ఖాళీ అనుకున్న సంవత్సరాల్లో వేరేవాళ్ళకి డబ్బింగ్ చెప్తూ ఇల్లు నడిపుంటారు, అది కూడా కెరీరే, స్టూడియోలో నిలబడి రోజుకి మూడు ఎపిసోడ్లకి ఏడవడం మామూలు పని కాదు.

నంబర్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఎపిసోడ్ల లెక్క నిజమో కాదో తేల్చడానికి ఒక సులువైన పద్ధతి ఉంది, క్యాలెండర్‌తో గుణించండి. వారానికి ఐదు రోజులైతే ఏడాదికి 260, ఆరు రోజులైతే 312, వారానికొకటైతే 52. గుణ్ణం గంగరాజు గారి అమృతం జెమినీలో 2001 నవంబర్ 18 ఆదివారం మొదలై సరిగ్గా ఆరేళ్ళకి 2007 నవంబర్ 18న అయిపోయింది, 313 ఎపిసోడ్లు అంటారు, ఆరు యాభైరెళ్ళు 312, సరిపోయింది. ఈటీవీ అభిషేకం 2008 డిసెంబర్ నుంచి 2022 ఫిబ్రవరి దాకా, పదమూడేళ్ళు ఇంటూ 312 అంటే నాలుగువేలు దాటుతుంది, వాళ్ళు చెప్పే 4000కి దగ్గరగా ఉంది. కార్తీకదీపం 2017 అక్టోబర్ నుంచి 2023 జనవరి దాకా లెక్కేస్తే 1640 దాకా రావాలి కానీ 1569 దగ్గర ఆగింది, ఆ తేడా ఎక్కడిదంటే 2020లో మార్చి నుంచి జూన్ దాకా షూటింగులు లేవు కదా. ఇట్లా లెక్క కుదిరితే ధైర్యంగా రాయండి, కుదరకపోతే ఎక్కడో బ్రేక్ వచ్చిందో టైం స్లాట్ మారిందో అడిగి తెలుసుకోండి. ఇంకో మాట, సీరియల్ వెయ్యి ఎపిసోడ్లు నడిస్తే ఆర్టిస్ట్ వెయ్యి ఎపిసోడ్లు చేసినట్టు కాదు. వాళ్ళ ట్రాక్ నాలుగు నెలలు ఉండి ఆగి మళ్ళీ వచ్చి ఉండొచ్చు.

పాత్ర ఒకటే అయినా మనుషులు మారతారు, ఇది టీవీలో మరీ ఎక్కువ. అమృతంలో అమృతరావు పాత్రనే తీసుకోండి, శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు, ఆంజనేయులుగా మాత్రం గుండు హనుమంతరావు గారు అలా నిలబడిపోయారు, 2018లో ఆయన పోయినప్పుడు జనం బాధపడ్డది ఆ పక్కింటి మనిషి పోయినట్టే. కాబట్టి ఫలానా సీరియల్‌లో ఫలానా పాత్ర అని రాసేటప్పుడు ఎప్పట్నించి ఎప్పటిదాకా, వాళ్ళకి ముందు ఎవరు తర్వాత ఎవరు, ఈ మూడూ రాయాలి. లేకపోతే ఇద్దరిలో ఒకరికి అన్యాయం చేసినట్టే.

రీప్లేస్‌మెంట్ గురించి అడగడం అన్నిటికన్నా కష్టమైన భాగం, దీనికి మొదటి రోజు చెయ్యి పెట్టకండి, మూడో సిట్టింగో నాలుగోదో రానివ్వండి. గురువారం గురువారం రేటింగులు వస్తాయి, రేటింగ్ తగ్గితే కథ మారుస్తారు, కథ మారితే ముందు పోయేది పెద్దవాళ్ళ పాత్రలే. రేకు పెట్టె పెద్దావిడే చెప్పారు, నాలుగేళ్ళు చేసిన పాత్ర అయిపోయిందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఒకరోజు ప్రొడక్షన్ నుంచి కొత్త కుర్రాడు ఫోన్ చేసి "అమ్మా, మీ ఫోటో మంచిది ఒకటి వాట్సాప్‌లో పంపండి, ఫ్రేమ్ కట్టించాలి" అన్నాడట. ఫ్రేమ్ ఎందుకు అని అడగబోయి ఆవిడకే అర్థమైంది, హాల్ సెట్‌లో గోడకి దండతో పెట్టడానికి. ఫోటో పంపారు. ఏ ఫోటో పంపారమ్మా అని అడిగాను, ఫోన్ తీసి చూపించారు, నవ్వుతున్న ఫోటో. ఇలాంటివి చెప్పేటప్పుడు మీరు మధ్యలో ఓదార్పు మాటలు చెప్పకండి, ఇంకో ప్రశ్న వెయ్యకండి, ఊరికే కూర్చోండి, వాళ్ళే మాట్లాడతారు.

అట్లాంటి చేదు విషయాలు రాసేటప్పుడు ఎవరు చేశారో పేరు పెట్టాలంటే కాగితం ఆధారం ఉండాలి, ఆర్టిస్ట్ స్పష్టంగా పెట్టమని అనాలి, రెండిట్లో ఏది లేకపోయినా పేరు వద్దు. పేమెంట్లు ఎగ్గొట్టిన కథలు ప్రతి ఇంట్లో వింటారు, నాకూ కోపం వస్తుంది, కానీ వాళ్ళు ఇంకా అదే ఫీల్డ్‌లో పనికోసం ఎదురుచూస్తుంటారు, మనం రాసే ఒక్క లైన్ వల్ల రేపు ఫోన్ రాకపోతే ఆ మందుల ఖర్చు మనం ఇవ్వం కదా. సంగతి రాయండి, ఎంత బాకీ ఎన్నేళ్ళు తిరిగారు రాయండి, పేరు వదిలెయ్యండి.

డబ్బు, ఆరోగ్యం, ఈ రెండూ లేకుండా కథ పూర్తి కాదు. చాలామంది నాటకాలవాళ్ళు ప్రభుత్వ ఉద్యోగమో బ్యాంకో చూసుకుంటూ సెలవు పెట్టి నటించినవాళ్ళు, వాళ్ళకి పెన్షన్ ఉంది. ఉద్యోగం మానేసి ఫుల్‌టైం వచ్చినవాళ్ళకి, చిన్నప్పట్నించీ ఇదే పని చేసినవాళ్ళకి ఏమీ లేదు. పరిషత్తు నాటకాలే కాదు, 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో మొదలైన సురభి కుటుంబాల నుంచి టీవీకి వచ్చినవాళ్ళని కలిస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది, వాళ్ళకి బాల్యమే స్టేజ్ మీద గడిచింది. షుగర్ ఉన్నవాళ్ళు సెట్‌లో భోజనం లేటైతే ఏం చేసేవాళ్ళు, లైట్ల కింద పట్టుచీరతో పెళ్ళి సీన్ మూడురోజులు తీస్తే మోకాళ్ళు ఎట్లా ఉండేవి, అడగండి. ముప్ఫై ఐదేళ్ళకే తల్లి వేషం ఎందుకు ఒప్పుకున్నారో ఆడవాళ్ళని అడగండి. తనకన్నా రెండేళ్ళు చిన్నవాడికి తల్లిగా చేసినావిడ, "ఒద్దంటే ఇంకొకళ్ళు ఉన్నారు, పిల్లల ఫీజు జూన్‌లో కట్టాలి" అంది, అంతకన్నా వివరణ ఏం కావాలి.

రికార్డింగ్ విషయం గబగబా చెప్పేస్తాను. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోయే ఫోన్లు ఉన్నాయి, నాకు ఒకసారి నలభై నిమిషాలు పోయింది, ఆ నలభై నిమిషాలు మాట్లాడినాయన తర్వాతి నెలలో మంచానపడ్డారు, మళ్ళీ అడగలేకపోయాను. అందుకే ఇప్పుడు రెండు ఫోన్లు పెడతాను. ఫ్యాన్ స్పీడ్ తగ్గించమనండి, కుక్కర్ అయ్యేదాకా ఆగండి. మొదట్లోనే తేదీ, చోటు, ఎవరు మాట్లాడుతున్నారో గొంతుతో చెప్పించండి, "రాసుకోవడానికి నాకు ఇష్టమే" అన్న మాట కూడా వాళ్ళ గొంతులోనే రికార్డ్ అవ్వాలి. ఇంటికొచ్చాక అదేరోజు రెండుచోట్ల కాపీ పెట్టండి.

ఇంట్లో పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఉంటే అది నిధి అనుకోండి. అప్పట్లో టేపు ఖరీదెక్కువ, స్టేషన్లలో ఒకసారి వేసిన టేపు మీదే ఇంకోటి రికార్డ్ చెయ్యడం ప్రపంచమంతా ఉన్న అలవాటే, కాబట్టి ఎవరో తమ్ముడు ఇంట్లో వీసీఆర్‌లో రికార్డ్ చేసిందే ఒక్కోసారి మిగిలిన ఏకైక కాపీ అవుతుంది. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని ప్లేయర్‌లో పెట్టకండి, ఆ బూజు హెడ్‌కి అంటి మిగతా క్యాసెట్లు కూడా పాడవుతాయి, క్లీన్ చేసి డిజిటల్ చేసేవాళ్ళకి ఇవ్వండి. మీరే వెంట ఉండి చేయించండి. ఒక షాప్‌లో ఇచ్చి వచ్చేస్తే మాకు తిరిగొచ్చింది వేరేవాళ్ళ పెళ్ళి వీడియో, మనది దొరకలేదు. క్యాసెట్ వీపు మీద చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటే విరిచెయ్యండి, పొరపాటున దానిమీద ఇంకేం రికార్డ్ అవ్వదు.

రాయడం దగ్గర నేను చెప్పేది ఒక్కటే, "ఫలానా ఊళ్ళో ఫలానా ఏట జన్మించారు" అని మొదలెట్టకండి. ఒక పని రోజుతో మొదలెట్టండి, తెల్లవారుజామున లేచి చీరలు ఇస్త్రీ చేసుకోవడం, బండి హారన్, మేకప్ కుర్చీ, సీన్ పేపర్, మధ్యాహ్నం నిద్ర ఆపుకోవడం, రాత్రి రియాక్షన్ షాట్లు. ఆ రియాక్షన్ షాట్ గురించి అయితే ఒక పేజీ రాయొచ్చు, ఎదురుగా ఎవరూ ఉండరు, ఎదుటి ఆర్టిస్ట్ ఎప్పుడో వెళ్ళిపోయింది, స్టాండ్‌కి అంటించిన టేపు ముక్క వైపు చూస్తూ కోపం, అనుమానం, ఏడుపు వరసగా ఇవ్వాలి. పెద్దావిడ నాకు సోఫాలో కూర్చునే అది చేసి చూపించారు, గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తూ ముందు కళ్ళు మాత్రమే కదిలాయి, తర్వాత గడ్డం, చివర్లో ఒక్క ఊపిరి. నాకు ఒళ్ళు జలదరించింది. ఇది చదివేవాళ్ళకి అందించగలిగితే పుట్టిన ఊరు నాలుగో పేజీలో చెప్పినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఆధారం దొరకని సంవత్సరాలు ఉంటే ఖాళీగానే ఉంచండి, ఊహతో నింపొద్దు. తెలుగు వికీపీడియాలో పెట్టాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి, అక్కడ మీరు స్వయంగా విన్నది పనికిరాదు, ఎక్కడో అచ్చయి ఉండాలి, కాబట్టి ముందు ఏదైనా పత్రికలో వేయించండి, తర్వాత దాన్ని ఆధారంగా ఇంకొకరు అక్కడ రాస్తారు. ఫోటోలు ఎవరు తీశారో కనుక్కోకుండా ఎక్కడా పెట్టకండి.

అంతా అయ్యాక ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళి మొత్తం పైకి చదివి వినిపించండి. చదువుకోమని ఇచ్చి రావద్దు, కళ్ళు కనపడక సగంలో ఆపేస్తారు, మొహమాటానికి బాగుంది అంటారు. పైకి చదివితే తప్పు ఉన్నచోట వాళ్ళ చెయ్యి కదులుతుంది, అదే చూస్తుండాలి. పెద్దావిడకి నేను చదవడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. దండ ఫోటో దగ్గర ఏమంటారో అని భయపడ్డాను, ఏమీ అనలేదు, కిటికీ వైపు చూస్తూ విన్నారు. మొదటి రోజు షూటింగ్ పేజీ దగ్గర మాత్రం చెయ్యెత్తి ఆపారు.

"అంచు మెరూన్ కాదు నాయనా, వంకాయ రంగు" అని, లేచి రేకు పెట్టె లాగి, ఆ డైరీ తీసి నా ముందు పెట్టారు.

వంకాయ రంగు అని దిద్దాను, పక్కన ఆరోజు తేదీ వేశాను, మిగతాది చదవడం మొదలెట్టాను.